కాంతికి నిలకడ

పాఠ్యభాగ ఉద్దేశం

ఆధునిక విజ్ఞానశాస్త్రం సాధించిన విజయాల వెనుక కంటికి కనిపించని సూక్ష్మమైన ఉపాయాలు ఎన్నో ఉంటాయి. లోకం మెచ్చిన ఆవిష్కరణను అందరూ గుర్తుంచుకుంటారు. దానిని సాధ్యం చేసిన సాధనాన్ని గుర్తుంచుకునేవారు అరుదు. లేజర్ కాంతి పౌనఃపున్యాన్ని స్థిరంగా నిలిపే పద్ధతులను, వాటిని రూపొందించిన శాస్త్రజ్ఞుల కృషిని విద్యార్థులకు పరిచయం చేయడం, శాస్త్ర విషయాలను తెలుగులో చదివి, అర్థం చేసుకొని, తిరిగి చెప్పగల శక్తిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. వ్యాసం అనే మాటకు విస్తరించి చెప్పడం అని అర్థం. ఉపక్రమం, విషయ వివరణ, ఉపసంహారం వ్యాసానికి అంగాలు. శాస్త్ర సంబంధమైన అంశాన్ని ఆ శాస్త్రంతో పరిచయం లేని పాఠకునికి సైతం బోధపడేటట్లు చెప్పే వ్యాసాన్ని వైజ్ఞానిక వ్యాసం అంటారు. పారిభాషిక పదాలను అవసరమైన మేరకే వాడడం, తెలిసిన విషయం నుండి తెలియని విషయానికి నడిపించడం దీని లక్షణాలు.

పాఠ్యభాగం

కొలత లేనిదే శాస్త్రం లేదు. మానవుడు మొదట తన శరీరాన్నే కొలబద్దగా చేసుకున్నాడు. బెత్తెడు, జాన, మూర, బార అనే కొలతలు అలా పుట్టినవే. అయితే ఒకరి మూర మరొకరి మూరతో సరిపోదు. అందువల్ల అందరికీ సమ్మతమైన కొలబద్ద అవసరమైంది. 1889లో ప్లాటినం, ఇరిడియం లోహాల మిశ్రమంతో చేసిన ఒక కడ్డీని పారిస్ సమీపంలో భద్రపరచి, దానిపై గీసిన రెండు గీతల నడుమ దూరాన్ని మీటరుగా ప్రపంచ దేశాలు అంగీకరించాయి. కాని లోహపు కడ్డీ శీతోష్ణాలకు లోబడినది. పైగా అది ఒకే చోట ఉంటుంది. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎవరైనా తిరిగి పొందగల కొలబద్ద కోసం వెదకిన శాస్త్రజ్ఞుల చూపు కాంతిపై పడింది.

కాంతి తరంగ రూపంలో ప్రయాణిస్తుంది. ఒక సెకనులో ఆ తరంగం ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే సంఖ్యను పౌనఃపున్యం అంటారు. ఒక పూర్తి కంపన కాలంలో తరంగం సాగే దూరం తరంగదైర్ఘ్యం. ఈ రెండింటిని గుణిస్తే కాంతివేగం వస్తుంది. శూన్యంలో కాంతివేగం మారదు కనుక, పౌనఃపున్యం స్థిరంగా ఉంటే తరంగదైర్ఘ్యమూ స్థిరంగా ఉంటుంది. అప్పుడు కాంతి తరంగమే కొలబద్ద అవుతుంది.

సంగీత కచేరీలో తంబుర పాత్ర అందరికీ తెలిసినదే. అది రాగం పాడదు, స్వరకల్పన చేయదు. గాయకుని ప్రతి స్వరానికీ ఆధారంగా నిలిచి ఒకే శ్రుతిని పలుకుతూ ఉంటుంది. గాయకుడు ఎంతటి విద్వాంసుడైనా శ్రుతి జారితే కచేరీ రక్తి కట్టదు. అత్యంత సున్నితమైన భౌతికశాస్త్ర ప్రయోగాలలో లేజర్ కాంతి చేసే పని తంబుర చేసే పని వంటిదే. ఆ శ్రుతి జారకుండా నిలపడమే పౌనఃపున్య స్థిరీకరణ.

లేజర్ కాంతి - దాని చాపల్యం

మొదటి లేజర్‌ను 1960 మే నెలలో అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో పనిచేయించాడు. అదే సంవత్సరం డిసెంబరులో అలీ జవాన్, ఆయన సహచరులు బెల్ ప్రయోగశాలలో హీలియం, నియాన్ వాయువుల మిశ్రమంతో నిరంతరంగా వెలిగే లేజర్‌ను రూపొందించారు. 1962 నుండి ఈ వాయు లేజర్ ఎర్రని కాంతిని కూడా ఇవ్వసాగింది. కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు ఎక్కువగా చూసే ఎర్రని లేజర్ ఇదే. దీని కాంతి సెకనుకు సుమారు 474 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది.

సాధారణ దీపపు కాంతి అనేక పౌనఃపున్యాల కలగాపులగం. లేజర్ కాంతి దాదాపు ఏకవర్ణ కాంతి. ఈ దాదాపు అనే మాటలోనే చిక్కంతా ఉంది. లేజర్ గొట్టానికి రెండు కొనలలోనూ దర్పణాలు ఉంటాయి. వాటి మధ్య దూరంలో సరిగా ఇమిడే తరంగాలకే బలం చేకూరుతుంది. వీణ తీగ పొడవు దాని స్వరాన్ని నిర్ణయించినట్లే, దర్పణాల మధ్య దూరం లేజర్ పౌనఃపున్యాన్ని నిర్ణయిస్తుంది. 30 సెంటీమీటర్ల గాజు గొట్టం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని పొడవు మిల్లీమీటరులో సుమారు వెయ్యోవంతు పెరుగుతుంది. కంటికి అది లెక్కలోనిది కాదు. కాని ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం అంతకన్నా తక్కువ. కనుక ఆ కొద్దిపాటి వ్యాకోచానికే లేజర్ తన స్వరాన్ని మార్చుకుంటుంది. గదిలో మాట్లాడే మాట, వీధిలో పోయే వాహనం, విద్యుత్ సరఫరాలోని హెచ్చుతగ్గులు కూడా దానిని కదిలిస్తాయి.

ఈ ఎర్రని లేజర్‌ను తన మానాన వదిలివేస్తే పౌనఃపున్యం పది లక్షలలో కొన్ని వంతుల మేర అటూ ఇటూ మారుతుంది. కిలోమీటరు దూరాన్ని కొలిచేటప్పుడు అది కొన్ని మిల్లీమీటర్ల తేడాకు సమానం. భూములు కొలిచేవారికి ఇది చాలు. పరమాణువుల రహస్యాలు వెదికేవారికి చాలదు.

అణువు పలికిన సాక్ష్యం

జారిపోయే శ్రుతిని సరిచేయాలంటే జారని శ్రుతి ఒకటి ఆధారంగా ఉండాలి. ప్రకృతి అటువంటి ఆధారాన్ని పరమాణువులలోను, అణువులలోను అమర్చి ఉంచింది. ప్రతి అణువు తనకు నియతమైన కొన్ని పౌనఃపున్యాల కాంతినే గ్రహిస్తుంది. ఢిల్లీలోని అయోడిన్ అణువుకు, పారిస్‌లోని అయోడిన్ అణువుకు ఈ విషయంలో భేదం లేదు. ఎర్రని లేజర్ కాంతికి సరిపోయే శోషణ రేఖలు అయోడిన్ ఆవిరిలో ఉండడం శాస్త్రజ్ఞులకు కలిసివచ్చింది.

ఇక్కడ ఒక అవరోధం ఎదురైంది. ఆవిరిలోని అణువులు నిలకడగా ఉండవు. ఎదురుగా వచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయే రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపించినట్లే, కాంతికి ఎదురేగే అణువుకు దాని పౌనఃపున్యం పెరిగినట్లు, కాంతితోపాటు సాగే అణువుకు తగ్గినట్లు తోస్తుంది. దీనిని డాప్లర్ ప్రభావం అంటారు. అసంఖ్యాకమైన అణువులు వేర్వేరు వేగాలతో తిరుగుతూ ఉంటే వాటి శోషణ రేఖ వెడల్పై, మసకబారుతుంది. మసకబారిన రేఖ మంచి కొలబద్ద కాజాలదు.

దీనికి కనిపెట్టిన ఉపాయం సరళమైనది. ఆవిరిలోకి ఒక దిక్కునుండి బలమైన కాంతిపుంజాన్ని, ఎదురు దిక్కునుండి బలహీనమైన పుంజాన్ని పంపుతారు. కదిలే అణువుకు ఒక పుంజం పౌనఃపున్యం పెరిగినట్లు, రెండవది తగ్గినట్లు తోస్తుంది కనుక అది రెండింటికీ ఒకేసారి స్పందించదు. కాంతి దిశలో కదలిక లేని అణువులకు మాత్రం రెండూ ఒక్కటే. బలమైన పుంజం ఆ అణువులను ముందే ఆక్రమించడం వల్ల బలహీనమైన పుంజం వాటిని తప్పించుకొని ఎక్కువగా బయటకు వస్తుంది. ఆ ఒక్క పౌనఃపున్యం వద్ద సన్నని గుర్తు ఏర్పడుతుంది. వేల మంది కేకల నడుమ మౌనంగా నిలుచున్న వ్యక్తిని గుర్తించినట్లుగా, కల్లోలంలోనుండి నిశ్చలమైన అణువులను ఏరుకొనే పద్ధతి ఇది. లేజర్ ఆ గుర్తునుండి జరిగినప్పుడల్లా దానిని గుర్తించి, దర్పణాన్ని సూక్ష్మంగా కదిలించి, మళ్లీ యథాస్థానానికి తీసుకువస్తారు.

ఈ పద్ధతి ఫలితం ప్రపంచం కొలతలనే మార్చింది. అమెరికాలోని బౌల్డర్ నగరంలో కెన్నెత్ ఈవెన్‌సన్ బృందం 1972లో మీథేన్ అణువు ఆధారంగా స్థిరీకరించిన లేజర్‌తో కాంతివేగాన్ని కొలిచి, సెకనుకు 29,97,92,456.2 మీటర్లని తేల్చింది. ఆ కొలతలోని అనిశ్చితి కేవలం 1.1 మీటర్లు. ఆ కొద్దిపాటి అనిశ్చితికి కూడా ముఖ్య కారణం అప్పటి మీటరు నిర్వచనంలోని లోపమే. కొలిచే పద్ధతి కొలబద్దను మించిపోయింది! అందువల్ల 1983లో ప్రపంచ దేశాలు కాంతివేగాన్ని 29,97,92,458 మీటర్లుగా స్థిరపరచి, సెకనులో అన్నోవంతు కాలంలో శూన్యంలో కాంతి సాగే దూరాన్నే మీటరుగా నిర్వచించాయి. నాటి నుండి అయోడిన్‌తో స్థిరీకరించిన లేజర్ అనేక దేశాలలో మీటరుకు ప్రమాణమైంది. భారతదేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఈ విధమైన లేజర్ ద్వారానే పొడవు ప్రమాణాన్ని పరిరక్షిస్తూ వచ్చింది.

రెండు దర్పణాల నడుమ

అణువు దీర్ఘకాలానికి నమ్మదగిన సాక్షి. కాని దాని సంకేతం బలహీనమైనది. సెకనులో వేలవంతు, లక్షవంతు కాలంలో లేజర్ పడే తొట్రుపాటును పసిగట్టడానికి వేరొక సాధనం కావాలి. అదే అనునాద కుహరం.

ఊయలను దాని లయకు సరిపడా ఊపితే చిన్న చేతి ఊపుకే అది పైపైకి లేస్తుంది. లయ తప్పితే ఎంత ఊపినా కదలదు. లయ కలిసినప్పుడు కలిగే ఈ వృద్ధినే అనునాదం అంటారు. ఎదురెదురుగా నిలిపిన రెండు దర్పణాల మధ్యకు కాంతిని పంపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. దర్పణాల నడుమ దూరం అర తరంగదైర్ఘ్యానికి పూర్ణాంక గుణిజంగా ఉంటే కాంతి లోపల వేలసార్లు పరావర్తనం చెందుతూ బలం పుంజుకుంటుంది. లేకుంటే మొదటి దర్పణం నుండే వెనుదిరుగుతుంది. అందుచేత కుహరం ఒక పౌనఃపున్యాన్ని ఎన్నుకొనే ద్వారపాలకునిగా పనిచేస్తుంది.

కుహరంలోకి కాంతి ప్రవేశిస్తే లేజర్ శ్రుతిలో ఉన్నట్లు, వెనుదిరిగితే శ్రుతి తప్పినట్లు తెలుస్తుంది. కాని ఇది సగం సమాచారమే. కొండ శిఖరంపై నిలుచున్న వ్యక్తి ఒక అడుగు కుడికి వేసినా, ఎడమకు వేసినా ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గిందన్న ఒక్క విషయాన్ని బట్టి అతడు ఎటు జరిగాడో చెప్పలేము. అదే విధంగా కాంతి తగ్గిందని తెలిసినంత మాత్రాన పౌనఃపున్యం పెరిగిందో, తగ్గిందో తెలియదు. ఎటు తప్పిందో తెలియనిదే దిద్దుబాటు అసాధ్యం.

శిఖరాన్ని వదిలి కొండవాలు మీద నిలిస్తే ఎత్తు తేడాను బట్టి దిక్కు తెలుస్తుంది. తొలినాళ్లలో ఈ పద్ధతినే అనుసరించారు. దీనిలో మరొక లోపం ఉంది. లేజర్ వెలుగు తనంతట తాను కొద్దిగా తగ్గినా, పౌనఃపున్యం మారినట్లు పరికరం భ్రమపడుతుంది. లేని దోషాన్ని సరిదిద్దబోయి కొత్త దోషాన్ని తెచ్చిపెడుతుంది.

పౌండ్, డ్రెవర్, హాల్

ఈ సమస్యకు పరిష్కారం రెండవ ప్రపంచయుద్ధ కాలపు రాడార్ పరిశోధనలలో దాగి ఉంది. రాబర్ట్ పౌండ్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మతరంగ జనకాలను స్థిరపరచే పద్ధతిని 1946లో ప్రకటించాడు. అప్పటికి లేజర్ పుట్టనే లేదు. మూడు దశాబ్దాలకు పైగా గడిచిన తరువాత స్కాట్లండ్‌కు చెందిన రొనాల్డ్ డ్రెవర్ ఆ భావాన్ని కాంతికి అన్వయించాడు.

డ్రెవర్ 1931లో స్కాట్లండ్‌లోని బిషప్టన్ గ్రామంలో జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా, ఆచార్యునిగా పనిచేశాడు. కొద్దిపాటి సామగ్రితో పెద్ద ప్రశ్నలకు సమాధానం రాబట్టడం ఆయన స్వభావం. పదార్థపు జడత్వం అన్ని దిక్కులలోను ఒకే విధంగా ఉంటుందా అన్న మౌలికమైన ప్రశ్నను ఆయన యౌవనంలో తన కుటుంబ నివాసపు పెరటిలో, కారు బ్యాటరీల వంటి సామాన్య ఉపకరణాలతో పరీక్షించాడు. ఆ ప్రయోగం నేటికీ భౌతికశాస్త్ర గ్రంథాలలో ఆయన పేరుతో నిలిచి ఉంది.

డ్రెవర్ ఆలోచన ఇది. కుహరం మీద పడిన కాంతిలో కొంత భాగం మొదటి దర్పణం నుండి వెంటనే వెనుదిరుగుతుంది. లోపలికి వెళ్లి తిరుగాడిన కాంతిలో కొంత భాగం అదే దర్పణం గుండా బయటకు వస్తుంది. శ్రుతి సరిగా కలిసినప్పుడు ఈ రెండు తరంగాలు ఒకదానికొకటి వ్యతిరేక దశలో ఉండి పరస్పరం రద్దవుతాయి. పౌనఃపున్యం ఏమాత్రం పెరిగినా లోపలినుండి వచ్చే తరంగం దశ ఒకవైపుకు, తగ్గితే రెండవవైపుకు జరుగుతుంది. అనగా దిక్కు తెలిపే రహస్యం వెనుదిరిగిన కాంతి దశలో ఉంది.

అయితే కాంతి శోధకాలు వెలుగు తీవ్రతను మాత్రమే చూడగలవు, దశను చూడలేవు. అందుకై డ్రెవర్ లేజర్ కాంతిని ఒక స్ఫటికం గుండా పంపి, విద్యుత్ క్షేత్రంతో దాని దశను క్రమబద్ధంగా అటూ ఇటూ ఊగించాడు. అప్పుడు అసలు పౌనఃపున్యానికి రెండు పక్కలా మరో రెండు పార్శ్వ పౌనఃపున్యాలు ఏర్పడతాయి. వాటికి కుహరంలో ప్రవేశం లేదు. అవి మారకుండా వెనుదిరిగి, అసలు కాంతితో కలిసి, దాని దశను పోల్చి చూడడానికి సాక్షులుగా నిలుస్తాయి. ఆ కలయికలో పుట్టే స్పందనను విద్యుత్ వలయం పరిశీలించి దోష సంకేతంగా మారుస్తుంది. లేజర్ ఒకవైపు తప్పితే ఆ సంకేతం ధనాత్మకం, రెండవవైపు తప్పితే ఋణాత్మకం, శ్రుతిలో ఉంటే శూన్యం. ఈ సంకేతాన్నే తిరిగి లేజర్‌కు పంపితే అది తన తప్పును తానే దిద్దుకుంటుంది. శ్రుతిలో ఉన్నప్పుడు సంకేతం శూన్యం కనుక లేజర్ వెలుగులోని హెచ్చుతగ్గులు ఇక మోసగించలేవు.

అమెరికాలోని బౌల్డర్‌లో జిలా అనే పరిశోధన సంస్థకు చెందిన జాన్ హాల్ లేజర్ స్థిరీకరణలో అప్పటికే నిష్ణాతుడు. గ్లాస్గోలోని డ్రెవర్, జేమ్స్ హఫ్ ప్రభృతులు, బౌల్డర్‌లోని హాల్ బృందం కలిసి ఈ పద్ధతిని ప్రయోగపూర్వకంగా నిరూపించి 1983లో ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. నాటి నుండి అది పౌండ్-డ్రెవర్-హాల్ పద్ధతిగా ప్రసిద్ధి పొందింది.

ఈ పద్ధతిలోని సారం గమనింపదగినది. లేజర్‌ను కదలనీయకుండా బంధించడం ఎవరికీ సాధ్యం కాలేదు. అది కదులుతూనే ఉంటుంది. నిలకడ అంటే కదలకపోవడం కాదు, కదిలిన ప్రతిసారీ తెలుసుకొని సరిదిద్దుకోవడం. ఆ దిద్దుబాటు సెకనుకు లక్షలసార్లు జరుగుతుంది కనుకనే బయటివారికి అది నిశ్చలతగా కనిపిస్తుంది.

దర్పణాలకు నిలకడ

లేజర్ కుహరాన్ని అనుసరిస్తుంది. మరి కుహరమే కదిలితే? 10 సెంటీమీటర్ల కుహరంతో పౌనఃపున్యాన్ని కోటి కోట్లలో వందోవంతు మేరకు నిలపాలంటే, దర్పణాల నడుమ దూరం ప్రోటాన్ వ్యాసంలో వందోవంతు కూడా మారరాదు. కాబట్టి కుహరాన్ని గాలి తీసివేసిన పాత్రలో ఉంచి, కంపనాలు సోకకుండా కాపాడతారు. గది ఉష్ణోగ్రత దగ్గర వ్యాకోచం దాదాపు లేని ప్రత్యేకమైన గాజుతో దానిని తయారుచేస్తారు.

మరికొందరు స్ఫటిక సిలికాన్‌ను ఎన్నుకున్నారు. సున్నకు దిగువన సుమారు 149 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలికాన్‌కు వ్యాకోచ సంకోచాలు లేని స్థితి ఏర్పడుతుంది. జర్మనీ జాతీయ ప్రమాణాల సంస్థ, జిలా పరిశోధకులు కలిసి ఇటువంటి కుహరాలతో 2017లో సాధించిన లేజర్ కాంతి సెకనుకు సుమారు 194 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. దాని పౌనఃపున్య విస్తృతి ఒక హెర్ట్జ్‌లో వందోవంతు కన్నా తక్కువ. ఇటువంటి లేజర్లే నేటి కాంతి గడియారాలకు ప్రాణం. 2022లో జిలా పరిశోధకులు స్ట్రాన్షియం పరమాణువులతో చేసిన ప్రయోగంలో, ఒక మిల్లీమీటరు ఎత్తు తేడాకే కాలగమనంలో వచ్చే భేదాన్ని గుర్తించగలిగారు. భూమికి దగ్గరగా ఉన్న గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పిన మాటకు అది అతి సూక్ష్మమైన నిదర్శనం.

విశ్వం పలికిన స్పందన

డ్రెవర్ ఈ పద్ధతిని రూపొందించిన అసలు ఉద్దేశం గురుత్వ తరంగాలను పట్టుకోవడం. మహోన్నత ద్రవ్యరాశి గల ఖగోళ వస్తువులు ఢీకొన్నప్పుడు స్థలకాలాలలో అలలు పుడతాయని ఐన్‌స్టీన్ 1916లో ఊహించాడు. ఆ అలలు భూమిని చేరేసరికి అత్యంత బలహీనమవుతాయి. వాటిని గుర్తించడానికి అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ అనే రెండు చోట్ల లైగో పరిశీలనాలయాలు వెలిశాయి. ఒక్కొక్క దానిలో నాలుగేసి కిలోమీటర్ల పొడవైన రెండు భుజాలు లంబకోణంలో ఉంటాయి. లేజర్ కాంతిని రెండుగా చీల్చి ఒక్కొక్క భుజంలోకి పంపి, తిరిగి కలిపినప్పుడు, ఒక భుజం పొడవు ఏమాత్రం మారినా ఆ కలయికలో భేదం కనిపిస్తుంది.

రెండు భుజాలు సర్వసమానమైతే లేజర్ పౌనఃపున్యంలోని దోషం రెండింటిలోను ఒకే విధంగా చేరి చాలావరకు రద్దవుతుంది. కాని నిజ ప్రపంచంలో సర్వసమానత దుర్లభం. మిగిలిన ఆ కొద్ది దోషమే గురుత్వ తరంగమని భ్రమింపజేయగలదు. అందువల్ల లైగోలో లేజర్‌ను ఒక దాని తరువాత ఒకటిగా అనేక దశలలో స్థిరీకరిస్తారు. చివరకు ఆ నాలుగు కిలోమీటర్ల భుజాలనే ప్రమాణంగా తీసుకొని దానిని నిలుపుతారు. ఈ దశలన్నిటికీ ఆధారం పౌండ్-డ్రెవర్-హాల్ పద్ధతే.

2015 సెప్టెంబరు 14న ఆ శ్రమ ఫలించింది. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన అల మొదట లివింగ్‌స్టన్‌ను, సెకనులో వెయ్యికి ఏడు వంతుల కాలం తరువాత హాన్‌ఫర్డ్‌ను తాకింది. దానివల్ల నాలుగు కిలోమీటర్ల భుజంలో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో వందోవంతు కన్నా తక్కువ. 2016 ఫిబ్రవరి 11న ఈ వార్తను ప్రకటించినప్పుడు ప్రపంచం విస్మయం చెందింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, ఒకప్పుడు హైదరాబాదు రాజ్యంలో భాగమైన మరాఠ్వాడా ప్రాంతంలో, ఔంఢా నాగనాథ్ సమీపాన ఇటువంటి పరిశీలనాలయాన్ని నెలకొల్పడానికి భారత ప్రభుత్వం 2023లో పూర్తి అనుమతి ఇచ్చింది. భావి భారత శాస్త్రజ్ఞులకు ఈ పద్ధతులు నిత్యావసరం కాబోతున్నాయి.

సాధకుని స్థానం

జాన్ హాల్ 2005లో నోబెల్ పురస్కారం అందుకున్నాడు. డ్రెవర్ జీవితం వేరొక దారిలో నడిచింది. 1979లో ఆయన అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో గురుత్వ తరంగ పరిశోధనకు ఆహ్వానం పొందాడు. రైనర్ వైస్, కిప్ థోర్న్‌లతోపాటు లైగోకు మూలపురుషులలో ఒకడుగా నిలిచాడు. ఆయన ఆలోచనలు చిత్రాల రూపంలో, మెరుపుల వలె వచ్చేవి. ఉపాయం ఒకటి స్థిరపడేలోగా అంతకన్నా మేలైనది మరొకటి తోచేది. వందల మంది కలిసి, ముందుగా నిర్ణయించిన ప్రణాళిక ప్రకారం నిర్మించవలసిన మహాయంత్రానికి ఆ స్వభావం ఇమడలేదు. నిర్వాహకులతో విభేదాలు ముదరగా 1992లో ఆయనను ఆ ప్రాజెక్టునుండి తప్పించారు. ఆయన వెళ్లిపోయినా, ఆయన పద్ధతి లేకుండా ఆ యంత్రం ఒక్క క్షణమైనా నడిచే వీలు లేదు.

ఫలితం వెలువడేనాటికి డ్రెవర్ వార్ధక్యంలో, జ్ఞాపకశక్తిని హరించే వ్యాధితో స్కాట్లండ్‌లో ఉన్నాడు. 2016లో వైస్, థోర్న్‌లతోపాటు ఆయనకు పలు అంతర్జాతీయ పురస్కారాలు లభించాయి. 2017 మార్చి 7న ఆయన కన్నుమూశాడు. అదే సంవత్సరం అక్టోబరులో గురుత్వ తరంగాల ఆవిష్కరణకు వైస్, థోర్న్, బ్యారీ బ్యారిష్‌లకు నోబెల్ పురస్కారం ప్రకటించారు. మరణించినవారిని ఆ పురస్కారానికి ఎంపిక చేయరు.

ఇందులో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తేల్చడం సులభం కాదు. మహాయంత్ర నిర్మాణానికి క్రమశిక్షణ అవసరం. ఆ యంత్రానికి ప్రాణం పోయడానికి స్వేచ్ఛగా ఆలోచించే మనస్సు అవసరం. ఈ రెండింటినీ ఒక చోట నిలుపుకోవడం లేజర్‌ను నిలపడం కన్నా కష్టమైన పని. దానికి ఏ విద్యుత్ వలయమూ ఇంతవరకు లేదు. ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలలో విద్యార్థులు ఉదయాన్నే వచ్చి లేజర్‌ను వెలిగించి, దానిని కుహరంతో కలిపి, ఆ తరువాతనే తమ ప్రయోగం మొదలుపెడతారు. వారి పరిశోధన ఏదైనా కావచ్చు. వారు ప్రతిరోజూ ఉచ్చరించే మూడు పేర్లలో నడుమ ఉన్నది డ్రెవర్ పేరు.

కఠిన పదాలు - అర్థాలు

చాపల్యం = నిలకడలేనితనం
నియతమైన = నియమింపబడిన, కచ్చితమైన
శోషణ = పీల్చుకొనడం
అవరోధం = అడ్డంకి
కల్లోలం = అలజడి
అనిశ్చితి = కచ్చితంగా తేలని స్థితి
కుహరం = గుహ వంటి ఖాళీ చోటు
పరావర్తనం = తాకి వెనుకకు మరలడం
దశ = తరంగం తన కంపనంలో ఉన్న స్థితి
జడత్వం = ఉన్న స్థితిని మార్చుకొనని గుణం
నిష్ణాతుడు = ఆరితేరినవాడు
ప్రభృతులు = మొదలైనవారు
దుర్లభం = పొందడానికి కష్టమైనది
వార్ధక్యం = ముసలితనం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. లేజర్ పౌనఃపున్యం ఎందుకు మారుతుంది? దానిని స్థిరీకరించడానికి అణువులు ఎట్లా తోడ్పడతాయో వివరించండి.
2. పౌండ్-డ్రెవర్-హాల్ పద్ధతిని మీ సొంత మాటలలో వివరించి, గురుత్వ తరంగాల పరిశోధనలో దాని ప్రాధాన్యాన్ని తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మీటరు నిర్వచనం కాలక్రమంలో ఎట్లా మారింది?
2. కొండ శిఖరం పోలిక ద్వారా పాఠం ఏ సమస్యను తెలిపింది?
3. కుహరాన్ని కదలికలకు లోనుకాకుండా ఎట్లా కాపాడతారు?
4. సమష్టి కృషిలో వ్యక్తి ప్రతిభకు తగిన స్థానం ఎట్లా కల్పించవచ్చు? డ్రెవర్ జీవితం ఆధారంగా చర్చించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పౌనఃపున్యం అంటే ఏమిటి?
2. మొదటి లేజర్‌ను పనిచేయించిన శాస్త్రజ్ఞుడు ఎవరు?
3. ఎర్రని లేజర్ స్థిరీకరణకు ఉపయోగపడే ఆవిరి ఏది?
4. లైగో తొలిసారి గురుత్వ తరంగాన్ని గుర్తించిన తేదీ ఏది?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్యలు
1. కొలిచే పద్ధతి కొలబద్దను మించిపోయింది!
2. ఎటు తప్పిందో తెలియనిదే దిద్దుబాటు అసాధ్యం.
3. నిలకడ అంటే కదలకపోవడం కాదు, కదిలిన ప్రతిసారీ తెలుసుకొని సరిదిద్దుకోవడం.

భాషాంశాలు

సంధులు
పరమాణువు = పరమ + అణువు - సవర్ణదీర్ఘ సంధి
శీతోష్ణాలు = శీత + ఉష్ణాలు - గుణ సంధి
మహోన్నత = మహా + ఉన్నత - గుణ సంధి
అత్యంత = అతి + అంత - యణాదేశ సంధి

సమాసాలు
శీతోష్ణాలు - శీతమును, ఉష్ణమును - ద్వంద్వ సమాసం
కాంతివేగం - కాంతి యొక్క వేగం - షష్ఠీ తత్పురుష సమాసం
కృష్ణబిలం - కృష్ణమైన బిలం - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రెండు దర్పణాలు - రెండు అయిన దర్పణాలు - ద్విగు సమాసం